'ఫ్రెండ్స్'కి ఉన్న ఆ కొటేషన్లు తెలుగులో ఎలా పలుకుతాం?

అందరికీ నమస్కారం. రెండు రోజులుగా ఒక పాట పేరును తెలుగులో చెప్పడం దగ్గరే ఆగిపోయాను. గ్యారీ న్యూమన్ అనే లండన్ గాయకుడు 1979లో ట్యూబ్‌వే ఆర్మీ బృందంతో చేసిన 'ఆర్ ఫ్రెండ్స్ ఎలక్ట్రిక్?'. అచ్చులో చూస్తే ఫ్రెండ్స్ అన్న మాటకు విడిగా కొటేషన్లు ఉంటాయి. ఆ పాటలో ఫ్రెండ్స్ అంటే మనుషులు కారు, మనిషిలా కనిపించే యంత్రాలు. ఒంటరివాడొకడికి ఉన్న ఒక్క 'ఫ్రెండూ' చెడిపోతుంది.

కంటికి కనిపించే ఆ గుర్తులు చెవికి వినపడవు కదా. మరి తెలుగులో?

'స్నేహితులు విద్యుత్తువా?' అని రాస్తే పాఠ్యపుస్తకంలా ఉంది. ఇంట్లో మనం కరెంటు అంటాం. కరెంటు పొయ్యి, కరెంటు బిల్లు. పోనీ 'ఫ్రెండ్స్ కరెంటువాళ్లా?' అంటే స్తంభం ఎక్కి ఫ్యూజు వేసేవాళ్లు గుర్తొస్తారు. అదే 'ఫ్రెండ్స్ కరెంటువా?' అనండి. వాళ్లా అనాల్సిన చోట వా పడగానే చెవికి తెలిసిపోతుంది, వీళ్లు మనుషులు కారని. 'ఫ్రెండ్స్ వచ్చారు', 'ఫ్రెండ్స్ వచ్చాయి'. రెండోది వింటే ఎవరైనా ఉలిక్కిపడతారు. మన వ్యాకరణంలోని మహత్తు, అమహత్తు తేడా (బహువచనంలో మనుషులకు ఒక క్రియ, మిగతావాటికి ఇంకొకటి) ఇంత పని చేస్తుందని నాకు ఇన్నాళ్లూ తట్టలేదు.

ఆయన సంగతీ కొంచెం చెప్పాలి. అసలు పేరు గ్యారీ వెబ్. ఎల్లో పేజెస్ అనే ఫోన్ నంబర్ల పుస్తకంలో కనిపించిన ఒక జర్మన్ ఇంటిపేరులోంచి రెండక్షరాలు తీసేసి న్యూమన్ అయ్యాడు. గిటార్లతో హోరెత్తే పంక్ పాటలు రికార్డు చేద్దామని స్టూడియోకి వెళ్తే అక్కడ ఎవరో వదిలేసిన మినీమూగ్ సింథసైజర్, అంటే కరెంటుతో స్వరాలు పుట్టించే మీటల వాయిద్యం, ఉంది. ఒక మీట నొక్కాడు. ఆ గంభీరమైన మోతతో దారే మారిపోయింది. ఈ పాట బ్రిటన్‌లో నాలుగు వారాలు నంబర్ వన్. అదే ఏడాది ఆయన ఇంకో పాట 'కార్స్' కూడా నంబర్ వన్ అయింది. 1981లో, 23 ఏళ్లకే, వెంబ్లీలో వీడ్కోలు కచేరీలు ఇచ్చేశాడు. మళ్లీ వచ్చాడు, చాలా ఏళ్లు ఆదరణ తగ్గింది, అయినా మానలేదు. 2017లో 'శావేజ్' ఆల్బమ్ బ్రిటన్‌లో రెండో స్థానం దాకా వెళ్లింది. ఆ పట్టుదల అంటే నాకు చాలా గౌరవం.

దీనికి ఒకావిడ రాసిన వ్యాఖ్య, కింద నా జవాబు:

— మాస్టారూ, బహువచనంలో బాగుంది. కానీ చెడిపోయింది ఒక్క ఫ్రెండే కదా? ఏకవచనంలో 'అమ్మాయి వచ్చింది', 'బస్సు వచ్చింది', క్రియ ఒకటే. పైగా 'నా ఫ్రెండ్ పాడైపోయింది' అంటే అర్థం వేరే అవుతుందండీ.

— నిజమేనమ్మా, మంచి మాట పట్టుకున్నారు. పాడైపోయింది వద్దు. 'నా ఫ్రెండ్ ఆగిపోయింది' అంటే? గడియారం ఆగిపోతుంది, ఊరెళ్లాల్సిన మనిషీ ఆగిపోతుంది. ఆడమనిషో యంత్రమో క్రియ చెప్పదు. పాటలో ఆ ఒంటరివాడికి కూడా ఆ తేడా పట్టినట్టు లేదు. ఆగిపోయింది అనే రాసుకుంటున్నాను.