బర్మింగ్‌హామ్ బోర్న్‌విల్‌లో ఎవరైనా ఉంటున్నారా?

మా ఆయనకి బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చిందండి. బోర్న్‌విల్‌లో అద్దె ఇల్లు చూస్తున్నాం. రైలెక్కితే యూనివర్సిటీ రెండో స్టేషనే.

1879లో క్యాడ్‌బరీ సోదరులు అక్కడి పొలాల్లో చాక్లెట్ ఫ్యాక్టరీ పెట్టారు. తర్వాత జార్జ్ క్యాడ్‌బరీ ఇంటింటికీ తోట ఉండేలా ఊరే కట్టించారు. 1900లో దాన్ని ఒక ట్రస్టుకి అప్పగించారు. క్యాడ్‌బరీ వాళ్లు క్వేకర్లు, అంటే మద్యానికి దూరంగా ఉండే ఒక క్రైస్తవ శాఖవాళ్లు కాబట్టి పబ్బులు పెట్టనివ్వలేదు. చిన్నపిల్లలున్న మాకు ఇదే బాగా నచ్చింది. సెల్లీ మేనర్ మ్యూజియం, గంటల గోపురం కూడా ఉన్నాయి.

ట్రస్టు పరిధిలో అద్దెకుంటే తోట, కంచె విషయంలో రూల్స్ ఎంత గట్టిగా ఉంటాయి? అత్తయ్యగారు కూడా వస్తున్నారు. ఆవిడ నడిచి వెళ్లేంత దూరంలో కందిపప్పు, బెండకాయలు, కరివేపాకు దొరుకుతాయా? స్కూల్ సీటు గురించే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. ఏడాది మధ్యలో వస్తే దగ్గర్లోని బడిలో చేర్చుకుంటారా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.