ప్రోలాగ్‌తో మిస్రా 17.2 తనిఖీ: ఒకటి ఆగట్లేదు, ఒకటి దొరకట్లేదు

కోట_జంక్షన్ (విజయనగరం):
రికర్షన్ (ఫంక్షన్ తనని తాను నేరుగానో, వేరేదాని మీదుగానో పిలుచుకోవడం) కూడదనే మిస్రా సీ 2012 (సీ కోడ్ భద్రతా నియమాలు) రూల్ 17.2ని ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్‌లో (ఇచ్చిన వాక్యాల నుంచి జవాబులు వెతికే భాష) తనిఖీ చేస్తున్నాం. క్లాంగ్ కంపైలర్ ఇచ్చే జేసన్ ఏఎస్‌టీ (కోడ్ నిర్మాణాన్ని చూపే చెట్టు) నుంచి ప్రతి ఫంక్షన్ కాల్‌కి ఒక ఫ్యాక్ట్ (నిజమని ఇచ్చే వాక్యం) తీశాం. కుదించి రాస్తే (_తో మొదలైనవి వేరియబుల్స్, :- అంటే "ఇవి నిజమైతే"):

పిలుస్తుంది(చదువు, సరిచూడు).
పిలుస్తుంది(సరిచూడు, చదువు).
చేరుతుంది(_అ, _ఆ) :- చేరుతుంది(_అ, _ఇ), పిలుస్తుంది(_ఇ, _ఆ).
చేరుతుంది(_అ, _ఆ) :- పిలుస్తుంది(_అ, _ఆ).
తప్పు(_అ) :- చేరుతుంది(_అ, _అ).

స్టాక్ నిండిపోతోంది. రెండు చేరుతుంది వాక్యాలూ తారుమారు చేస్తే అవే జవాబులు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. పైగా ఏ తప్పూ లేని ఇనిట్ ఫంక్షన్‌ని పట్టుకుంటోంది, కాల్‌బ్యాక్ (పాయింటర్ ద్వారా పిలిచే ఫంక్షన్) మీదుగా తిరిగే అసలు రికర్షన్‌ని వదిలేస్తోంది. ఏటి చెయ్యాలి?

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం):
మొదటిది లెఫ్ట్ రికర్షన్. చేరుతుంది అన్న ప్రశ్నకి జవాబు వెతకడానికి మళ్లీ అదే ప్రశ్న వేస్తోంది, ఒక్క ఫ్యాక్ట్ కూడా ముట్టుకోకుండానే. పిలుస్తుందిని ముందు పెట్టినా లాభం లేదు, మీ గ్రాఫ్‌లోనే చక్రం ఉంది కదా. విజయనగరం నుంచి చీపురుపల్లి, అక్కణ్నుంచి శ్రీకాకుళం రోడ్డు, మళ్లీ విజయనగరం: దాటిన స్టేషన్ గుర్తుండకపోతే రైలు దిగేదెప్పుడు? ఫైలు పైన ఈ ఒక్క లైను చాలు:

:- టేబుల్ చేరుతుంది/2.

(టేబుల్ అన్నది మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి.) వచ్చిన జవాబుల్ని దాచుకుంటుంది, జతలు పరిమితం కాబట్టి ఆగుతుంది. రూల్ మార్చక్కర్లేదు.

మూడు_లాంతర్లు:
ఇనిట్ సంగతి: రెండు ఫైళ్లలో స్టాటిక్ (ఆ ఫైలు లోపలే కనిపించే) ఇనిట్‌లు ఉన్నాయేమో చూడండి. పేరొక్కటే రాస్తే రెండూ కలిసిపోయి లేని చక్రం పుడుతుంది. స్టాటిక్ అయితే ఫైలు పేరు కూడా జోడించండి. ఇంకోటి, పేర్లన్నీ సింగిల్ కోట్స్‌లో పెట్టారా? ఇంగ్లిష్ పెద్దక్షరంతో మొదలైన పేరు కోట్స్ లేకపోతే వేరియబుల్ అయి దేనికైనా అతుక్కుంటుంది.

కాల్‌బ్యాక్‌కి ఫ్యాక్టే లేదు, ఇక రూల్ ఏం చేస్తుంది? అడ్రస్ తీసుకున్న ఫంక్షన్లన్నిటికీ ఫ్యాక్ట్ రాసి, పాయింటర్ కాల్ ఉన్నచోట అదే టైపున్న ప్రతిదాన్నీ పిలిచినట్టే లెక్కేయండి. ఉత్త హెచ్చరికలు పెరుగుతాయి. తప్పించుకునేవి తగ్గాలంటే తప్పదు.

నాగావళి_ఒడ్డు:
అన్నిటికన్నా ప్రమాదం ఇంకొకటుంది. ఇన్‌క్లూడ్ పాత్ (హెడర్ ఫైళ్లు వెతికే చోటు) తప్పి ఒక ఫైలు పార్స్ కాకపోతే దాని ఫ్యాక్టులు రావు, ప్రోలాగ్ నిక్షేపంగా "తప్పు లేదు" అంటుంది. దానికి తెలియనిదంతా అబద్ధమే. ఫైలుకొక చదివాం(...) ఫ్యాక్ట్ పెట్టి, బిల్డ్ జాబితాతో సరిపోకపోతే తనిఖీనే ఫెయిల్ చెయ్యండి.

కోట_జంక్షన్:
టేబుల్ పెట్టగానే ఆగింది. ఇనిట్‌లు నిజంగానే రెండు, రెండూ స్టాటిక్. పాయింటర్ ఫ్యాక్టులు ఇప్పుడు రాస్తున్నాం.