మూడో తరగతిలో స్టార్ల చార్టు తిరగబడింది, ఎట్టా సరిచెయ్యాలి?

కందుకూరు_ఎస్జీటీ:
మూడో తరగతి, 26 మంది పిలకాయలు. గోడకు చార్టు పెట్టాను. వరుసలో నిలబడితే ఒక స్టారు, హోంవర్కు తెస్తే ఒకటి, అల్లరి చెయ్యకపోతే ఒకటి. తప్పు చేస్తే ఒకటి పీకేస్తాను. రెండు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. ఇప్పుడు స్టార్లన్నీ ఐదారుగురికే. వెనక కూర్చునే ఇద్దరు మగపిల్లలు "మాకెట్టాగూ రావులే" అని చార్టు వైపు చూడటమే మానేశారు. వాళ్లలో ఒకడు రోజూ అన్నం దగ్గర ప్లేట్ల వరుసలో ముందువాళ్లని తోస్తాడు, కొడతాడు. ఇంకో పాప ఉంది. అమ్మానాన్నా మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోయారు, అమ్మమ్మ దగ్గర ఉంటోంది. ఏడవదు, మాట్లాడదు, సగం అన్నం వదిలేస్తుంది. బెత్తం సలహా తప్ప ఏదైనా చెప్పండి.

ఒంగోలు_టీచరు:
ముందు ఆ పీకేయడం ఆపండి మేడం. కష్టపడి తెచ్చుకున్నది పోయాక పిల్లాడికి మిగిలేది కసే. "అల్లరి చెయ్యకపోతే" అన్నదీ తీసేయండి. బల్ల మీద తలపెట్టి నిద్రపోయేవాడు కూడా అల్లరి చెయ్యడు గదా! కంటికి కనిపించే పని రాయాలి: "చెయ్యెత్తి అడగడం", "ప్లేటు రెండు చేతులా పట్టుకోవడం". మూడు చాలు, ఐదు దాటితే మీకే గుర్తుండవు.

పేర్ల ఎదురుగా సున్నాలు రోజూ గోడ మీద వేలాడటం నాకు నచ్చదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. సున్నాల చార్టు ఆ గీతకు మరీ దూరంగా లేదు.

బదులుగా జట్ల ఆట పెట్టండి. 1969లో అమెరికాలో ఒక నాలుగో తరగతిలో మొదలైంది ఇది. మీ 26 మందిని నాలుగు జట్లు చేయండి. చురుకైనవాళ్లూ దుడుకువాళ్లూ అన్నింట్లో కలవాలి. మొదట రోజుకు 10 నిమిషాలు, లెక్కల పీరియడ్‌లో. నియమం తప్పితే ఆ జట్టుకు బోర్డు మీద ఒక గీత. పేరు పిలవొద్దు, కేకలొద్దు. నాలుగు గీతల లోపు ఉన్న జట్లన్నీ గెలిచినట్టే. ఒక్క జట్టే గెలవాలంటే మళ్లీ పాత కథే. బహుమతి వస్తువు కానక్కర్లేదు, బయట ఐదు నిమిషాలు తొక్కుడుబిళ్ల చాలు. వారం బాగా సాగితే 15 నిమిషాలకు పెంచండి. ఒక్కడే కావాలని జట్టును ముంచుతుంటే వాణ్ణి విడిగా ఒంటరి జట్టు చేస్తే సరి.

బడి_కౌన్సెలింగ్:
ఆ చివరి మాట ఒప్పుకోను సార్. ఈ పిల్లాడు ఇప్పటికే "మాకు రావులే" అంటున్నాడు, ఒంటరి జట్టు చేస్తే అదే నిజమని మనమే ముద్ర వేసినట్టు. వాడికి గీతలు గీసే పని ఇవ్వండి, చాలావరకు సర్దుకుంటాడు.

తోపులాటకు మందు వేసే ముందు ఐదు రోజులు చిన్న నోటుబుక్కులో మూడు గడులు రాయండి: గొడవకు ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, వెంటనే ఏం దక్కింది. ఇది అన్నం దగ్గరే జరుగుతోందంటే ఆకలి సంగతి చూడాలి. పొద్దున ఏమైనా తిని వస్తున్నాడా? రాగిజావ ఇచ్చిన రోజున తోయడం తగ్గుతోందా? తోస్తే ముందుకొస్తున్నాడంటే తోయడానికి జీతం అందుతున్నట్టే. 26 మందిని ఒకే వరుసలో పెట్టకుండా ఆరేడుగురి చొప్పున పంపండి. నేల మీద సుద్దతో పాదాల గుర్తులు గీయండి. తోసినవాడు తిట్లు లేకుండా వరుస చివరికి పోవాలి. ఆగినవాణ్ణి మాత్రం అక్కడికక్కడే, వాడి ఎత్తుకు వంగి, "ముందు ఇద్దరున్నా ఆగావు, చూశాను" అనండి. ఒట్టి "వెరీగుడ్" అంటే దేనికన్నారో వాడికి తెలీదు.

ఒక హెచ్చరిక. మన దృష్టి కోసం చేసే చిల్లర అల్లరిని పట్టించుకోకపోతే మొదట కొన్ని రోజులు అది పెరగొచ్చు. అప్పుడు కరిగిపోయి పలకరిస్తే ఇంకా గట్టిగా చెయ్యాలని నేర్పినట్టు. కొట్టడాన్ని మాత్రం ఎప్పుడూ చూసీచూడనట్టు వదలొద్దు. వెనక బెంచీవాళ్లకు బోర్డు కనిపిస్తోందా, వెనకనుంచి పిలిస్తే వినిపిస్తోందా అన్నదీ ఒకసారి చూడండి.

ఉలవపాడు_టీచరమ్మ:
అందరూ కొట్టేవాడి గురించే రాశారు. నాకైతే ఆ పాప గురించే ఎక్కువ ఆలోచన. పాఠానికి అడ్డం రాదు గనక ఇట్టాంటి పిల్ల ఎవరి కంటా పడదు.

మన పిల్లలకు దీనికో మాట ముందే ఉంది: బెంగ. "నీకు దిగులుగా ఉందా?" అని క్లాసు ముందు అడగొద్దు. పక్కన కూర్చుని బొమ్మ గీయించండి, ఎదురుగా కూర్చుంటే విచారణలా ఉంటుంది. "అమ్మ ఊరెళ్తే బెంగగా ఉంటుంది, కడుపులో ఏదోలా ఉంటుంది" అని మీరే అని ఆపేయండి. జవాబు కోసం తొందరపెట్టొద్దు. అమ్మమ్మతో మాట్లాడి వారానికి రెండుసార్లు ఒకే టైముకు అమ్మకు ఫోను చేయించండి. "పండక్కి వస్తుందిలే" అని ఊరికే ఓదార్చొద్దు. రాకపోతే మీ మాట మీద నమ్మకం పోతుంది. తేదీ ఖాయమైతేనే క్యాలెండర్లో రోజులు కొట్టేయించండి.

ప్రార్థన తర్వాత అందరికీ రెండు నిమిషాలు: వెల్లకిలా పడుకుని పొట్ట మీద రబ్బరు పెట్టుకుని, మూడు లెక్కపెడుతూ గాలి పీల్చి ఐదు లెక్కపెడుతూ వదలాలి. రబ్బరు పైకి లేవాలి, భుజాలు లేవకూడదు. మనసు కుదురుగా ఉన్నప్పుడు నేర్చుకుంటేనే కోపంలో పనికొస్తుంది. గది మూలలో ఒక చాప వేసి కావాలన్నవాళ్లు ఐదు నిమిషాలు కూర్చోవచ్చు. కోప్పడి పంపారో, అది గోడకుర్చీకి కొత్త పేరు.

రెండు వారాలు దాటినా తిండి పెరగకపోతే, కొత్తగా పక్క తడపడం మొదలైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి అమ్మమ్మ చేత ఫోన్ చేయించండి, లేదా మీరే చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఎవరైనా కొడుతున్నారనో హింసిస్తున్నారనో అనుమానమొస్తే ఆ రోజే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

కందుకూరు_ఎస్జీటీ:
మూడు గడుల నోటుబుక్కు రేపట్నుంచే. ఒక్క సందేహం. స్టార్లు ఒక్కసారిగా ఆపేస్తే బాగా చేసే ఆ ఐదారుగురు అలగరా?

ఒంగోలు_టీచరు:
ఒంటరి జట్టు విషయంలో కౌన్సెలింగ్ మేడం మాటే సరైంది, నాది వెనక్కి తీసుకుంటున్నా. అలుగుతారు, రెండు మూడు రోజులు. వచ్చే సోమవారం చార్టు తీసి, ఉన్న స్టార్లన్నీ లెక్కేసి తరగతి మొత్తం పేరున ఒక కథ పీరియడ్‌గా మార్చేయండి. ఇష్టంగా చేసే పనికి ముందే బహుమతి ఆశ చూపొద్దు. 1973 నాటి ఒక ప్రయోగంలో బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లలకు బహుమతి ఇస్తామని చెప్పి గీయించారు. తర్వాత ఖాళీ సమయంలో వాళ్లు గీయడం తగ్గింది. ముందు చెప్పకుండా బహుమతి ఇచ్చిన పిల్లల్లో మాత్రం తగ్గలేదు. కాబట్టి చదివేవాడికి చదివినందుకు స్టారు వద్దు, తోసేవాడు ఆగినందుకు మాట చాలు.