దాహమా, వాపా, ఉబ్బా?

నిన్న ఒక తమ్ముడు 'మూత్రపిండదాహం' అంటే ఏమిటని అడిగాడు. ఇంగ్లీషులో నెఫ్రైటిస్ అనే కిడ్నీ జబ్బు పేరది. మహారాష్ట్రలోని మా సిరొంచలో ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మరాఠీలో దాహ్ అంటే మంట. మనకేమో దాహం అనగానే మంచినీళ్లే గుర్తొస్తాయి. రెండూ కాలడం అనే ఒక్క సంస్కృత ధాతువు నుంచే వచ్చాయి.

ఈ తేడా మా మేనత్తకు ప్రాణం మీదికి తెచ్చింది. మొఖం, కాళ్లు ఉబ్బి ఆస్పత్రికి పోతే మరాఠీ కాగితం ఇచ్చారు. ఇంట్లో పిల్లవాడు చదివి "కిడ్నీలకు దాహమట" అన్నాడు. నీళ్లు కొలిచి తాగమని డాక్టర్ చెప్పిన మాట వెనక్కి పోయింది. పక్కన చెంబు పెట్టుకుని రెండు రోజులు తాగుతూనే ఉంది. మూడో రోజు చెప్పులు కాళ్లకు పట్టలేదు.

నేను ల్యాబులో స్లైడ్లు తయారు చేస్తాను, అందుకే ఈ మాట మీద నాకింత పట్టుదల. ఈ జబ్బును ఎలుకల్లో కావాలని పుట్టించి చూశారు. 1930లలో జపాన్ శాస్త్రవేత్త మసుగి ఎలుక కిడ్నీని నూరి కుందేలుకు ఎక్కించాడు. దాని రక్తంలో తయారైన యాంటీబాడీలను, అంటే ఎలుక కిడ్నీకి పోయి అంటుకునే ప్రొటీన్లను, మళ్లీ ఎలుకలకు ఇచ్చాడు. ఎలుకల మూత్రంలో ప్రొటీన్ పోవడం మొదలైంది. అలాంటి కిడ్నీని పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే, రక్తం వడకట్టే సన్న నాళాల ఉండలో కణాలు సంతరోజు జనంలా కిక్కిరిసి ఉంటాయి, దారులు మూసుకుపోతాయి. మెరిసే రంగు వేసి చూస్తే వడపోత పొర వెంట యాంటీబాడీ ఎక్కడా తెగని ఆకుపచ్చటి గీతలా కనిపిస్తుంది. 1959లో హేమన్ ఎలుకల్లో చూపించిన ఇంకో రకంలో గీత ఉండదు, రవ్వ చల్లినట్టు చుక్కలుంటాయి. కొత్త పిల్లలకు నేను 'గీత', 'రవ్వ' అనే నేర్పుతాను. ఇంకేం చెప్పక్కర్లేదు, స్లైడు చూడగానే గుర్తుపడతారు.

ఇక అసలు మాట. డాక్టర్లు 'కిడ్నీ వాపు' అంటారు. జనం మొఖం వాపునూ అదే అనుకుంటారు. లోపలిది కణాలు గుమిగూడటం, బయటిది నీరు చేరడం. వాపును చూసి బలుపనుకోవడం పాత సామెత, ఇక్కడ ఒక వాపును చూసి ఇంకో వాపు అనుకుంటున్నాం. నా మటుకు లోపలిదాన్ని వాపు అని, బయటిదాన్ని ఉబ్బు అని వేరుచేయాలి. ఉబ్బు మా ఇళ్లలో రోజూ వాడే మాటే.

— అక్కా, పుస్తకాల్లో 'శోథ' ఉంది కదా?

— ఉంది తమ్మీ. కానీ సంస్కృతంలో శోథ అన్నా ఉబ్బడమే. చిక్కు తీరలేదు, పైగా మా అత్తకు ఆ మాట నోరు తిరగదు. ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో ఈ రెంటినీ ఏమంటారో రాయండి.