మోకాలెత్తు అలలకు ఏ బోర్డు: 5'8" ఫిష్షా, 8 అడుగుల సాఫ్ట్‌టాపా?

నల్లరాయి (కడప):
కడపలో ఉండి సర్ఫింగ్ ఏందని నవ్వాలనుకునేవాళ్లు ముందే నవ్వేయండి, మా ఇంట్లో ఆ పని ఎప్పుడో అయిపోయింది. ఏడాదిన్నరగా చెన్నై అవతల కోవళం వెళ్లి నేర్చుకుంటున్నా. నెలకో రెండు నెలలకో ఒకసారి, శుక్రవారం రాత్రి బయల్దేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరడం. బరువు 68 కిలోలు. నురగ అలల్లో నిలబడతాను. ఇంకా విరిగి నురగ కాని అల మాత్రం పదిసార్లు ప్రయత్నిస్తే మూడుసార్లు దొరుకుతుంది. నేను పోయిన ప్రతిసారీ మోకాలెత్తు అలలే, మహా అయితే నడుమెత్తు. ఇసుక తిన్నెల మీద విరిగేవి, తోపు (ముందుకు నెట్టే బలం) అసలుండదు. ఒకాయన 5 అడుగుల 8 అంగుళాల ఫిష్ బోర్డు, 35 లీటర్ల ఘనపరిమాణం ఉన్నది, సెకండ్‌హ్యాండ్‌లో ఇస్తానంటున్నాడు. కోచ్ ఏమో 8 అడుగుల సాఫ్ట్‌టాప్, అంటే పైన మెత్తటి ఫోమ్ ఉండే బోర్డు, కొనమంటున్నాడు. ఎవరి మాట వినాలి?

పెన్నాతీరం (కడప):
ఫిష్ తీసుకో అన్నా, ఆలోచించొద్దు. చిన్న అలల్లో పరిగెత్తే బోర్డు అది. 1967లో శాన్‌డియాగోలో స్టీవ్ లిస్ అనే కుర్రాడు మోకాళ్ల మీద తొక్కడానికి చేసుకున్నది, తర్వాత నిలబడి తొక్కేవాళ్లు ఎత్తుకున్నారు. వెడల్పు ఎక్కువ, ముక్కు పెద్దగా పైకి లేవదు, తోక చేప తోకలా చీలి ఉంటుంది, అడుగున రెండే ఫిన్లు (చిన్న రెక్కలు). అందుకే తోపు లేని అలలో కూడా ఆగిపోదు. ఇంకోటి, ముందు సీటు వెనక్కి వాలిస్తే కారులోనే పట్టేస్తుంది. ఎనిమిదడుగులదానికి పైన ర్యాక్ కావాలి. ర్యాక్ కొంటావా, బోర్డు కొంటావా?

కేసీకాలువ (కర్నూలు):
తమ్ముడూ, ఫిష్ గురించి నువ్వు చెప్పిందాంట్లో తప్పేం లేదు. కాకపోతే అడిగిన మనిషిని వదిలేసి బోర్డు గురించి చెప్పావు.

అల ఎత్తు సగమైతే శక్తి సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. పైగా చిన్న అల ఒడ్డు దగ్గరికొచ్చేదాకా నిటారుగా లేవదు. పొట్టి బోర్డుకు ఆ నిటారు వాలు కావాలి, అప్పుడే జారుతుంది. పొడుగు బోర్డయితే అల ఇంకా మెత్తగా ఉండగానే, వాలు పూర్తిగా రాకముందే, చేతులతో కొట్టుకుంటూ దాని వేగం అందుకోవచ్చు. నిలబడటానికి ఇంకో రెండు సెకన్లు చేతిలో ఉంటాయి. కొత్తవాడికి ఆ రెండు సెకన్లే ప్రాణం.

నేను మొదట కొన్నది 6 అడుగుల బోర్డు. చూడ్డానికి బాగుందని. దాని మీద పడుకుంటే నీళ్లు ఛాతీ దాకా వచ్చేవి. వెనక నుంచి అల వచ్చేది, తోక లేచేది, ఇదిగో దొరికిందనుకునేలోపు అల నా కింద నుంచి ముందుకు పోయేది. బస్సు వెళ్లిపోయాక స్టాపులో సంచి పట్టుకుని నిలబడ్డట్టు ఉండేది నా బతుకు. మూడు గంటలు నీళ్లలో ఉంటే రెండు అలలు. రోజూ సముద్రం పక్కనుండేవాడు ఫిష్‌కు రెండు నెలల్లో అలవాటు పడతాడు. నువ్వు రెండు నెలల్లో పోయేది మహా అయితే రెండుసార్లు.

పెన్నాతీరం:
టోక్యో ఒలింపిక్స్‌లో సర్ఫింగ్ పెట్టింది ఇసుక బీచ్‌లోనే కదా అన్నా, జపాన్‌లోని త్సురిగసాకిలో. అక్కడికి ఎవరైనా సాఫ్ట్‌టాప్ పట్టుకెళ్లారా?

కేసీకాలువ:
ఫైనల్ రోజు దగ్గర్లో తుఫాను ఉండి అలలు లేచాయి, అది వదిలేశావు. గోల్డ్ కొట్టిన ఇటాలో ఫెరేరా మొదటి అలకే బోర్డు విరగ్గొట్టుకుని, ఇంకోటి తెప్పించుకుని గెలిచాడు. అలాంటోడితో మనకు పోలికా? ఇంతకీ ఆ ఇటాలో చిన్నప్పుడు అలల్లో మొదలుపెట్టింది దేని మీదో తెలుసా? వాళ్ల నాన్న చేపలమ్మే థర్మోకోల్ డబ్బా మూత మీద. ఫోమే!

అనంతఎండ (అనంతపురం):
అందరూ సముద్రం గురించే రాస్తున్నారు. బోర్డు సముద్రంలో ఉండేది ఏడాదికి పదిహేను రోజులు, మిగతాదంతా మన సీమ ఎండలో. నేను మిద్దె మీద రేకుల షెడ్డులో పెట్టాను. మే నెలలో తీసి చూస్తే పైపొర పూరీలా పొంగి ఉంది, వేలితో నొక్కితే లోపల గాలి. కాలు జారకుండా బోర్డుకు రాసే వ్యాక్స్ కరిగి నెయ్యిలా కవరు నిండా పారింది. సాఫ్ట్‌టాప్ అయితే తప్పించుకుంటుందనుకోకండి, దాని తోలు కూడా ఇలాగే లేస్తుంది. పార్క్ చేసిన కారులో వదిలినా ఇదే గతి.

అందుకే నా మాట, అసలు కొనొద్దు. అద్దెకు తీసుకోండి. ఇంట్లో చల్లని గదిలో మంచం కింద చోటుంటే అప్పుడు ఆలోచించండి. ఎనిమిదడుగుల మంచం ఎవరింట్లో ఉందో మరి.

కేసీకాలువ:
అక్కా, ఎండ సంగతి ఒప్పుకుంటా, నాకు తట్టలేదు. కానీ అద్దె బోర్డులు చూశారుగా. అతుకులు విడిపోయి, లోపలికి నీళ్లు పట్టి బరువెక్కి ఉంటాయి. ఎత్తి నిలబెడితే ఫిన్ పక్క నుంచి ధార కారుతుంది. అద్దెకు తీసుకునేటప్పుడు అలా నిలబెట్టి చూడండి, కారితే వేరేది అడగండి.

నల్లరాయికి ఇంకో మాట. ఏ బోర్డయినా సరే, పడేటప్పుడు తల ముందు పెట్టి దూకొద్దు. రెండడుగుల అల విరిగేది దాదాపు రెండున్నర అడుగుల నీళ్లలో. మనం కాలువల్లో, బావుల్లో ఈత నేర్చినోళ్లం, తలకిందులుగా దూకడం ఒంట్లో ఉంటుంది. అక్కడ కింద ఇసుక. వీపు మీదో పక్కకో చదునుగా పడాలి, చేతులు తల మీద పెట్టుకుని లేవాలి. స్నానాలు చేసే జనం ఉన్న చోట గట్టి బోర్డు ముక్కు ఎవరికైనా తగిలితే ఏమవుతుందో కూడా ఆలోచించు. ఫోమ్ వైపు నేను మొగ్గడానికి సగం కారణం అదే.

నల్లరాయి:
మొన్న శనివారం రెండూ తొక్కి చూశాను. ఫిష్ ఆయన గంటసేపు ఇచ్చాడు. పొద్దున్నే ఆరున్నర, గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు, నీళ్లు అద్దంలా ఉన్నాయి. అంత మంచి పూట ఫిష్ మీద దొరికినవి రెండు. ఒకటి మాత్రం, పెన్నా తమ్ముడూ, నిజంగా జారింది, అంత వేగం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత అద్దె ఎనిమిదడుగులది తీసుకున్నా. దొరికిన అలలు పది దాకా లెక్కపెట్టి, ఆ తర్వాత లెక్క వదిలేశాను. చేతులు పడిపోయాయి కానీ మొహం మీద నవ్వు పోలేదు.

ఫిష్ వద్దని చెప్పేశా. కొనడం కూడా ఇప్పుడే కాదు, అక్క చెప్పినట్టు అద్దెకే. మా ఇంట్లో చల్లగా ఉండేది దేవుడి గది ఒక్కటే, అమ్మను అడిగే ధైర్యం లేదు. ఏడున్నర అడుగులది ఏదైనా దొరికితే అప్పుడు చూస్తా.

పెన్నాతీరం:
సరే అన్నా. ఆ ఫిష్ ఆయన రేటు ఎంత చెప్పాడు? నాకు పంపు.