కాలిఫోర్నియాలో ఇల్లున్నవారికి వీలునామా సరిపోతుందా, లివింగ్ ట్రస్టు కావాలా?

ప్రశ్న:
కాలిఫోర్నియాలో ఉంటున్న మా దంపతులిద్దరికీ గ్రీన్ కార్డులున్నాయి, పిల్లలిద్దరూ ఇంకా బడికి వెళ్ళే వయసువారే. ఆస్తి అంటే అప్పు తీరని ఇల్లు, బ్యాంకు ఖాతాలు, 401(కె) అనే ఉద్యోగ విరమణ పొదుపు ఖాతా. రివోకబుల్ లివింగ్ ట్రస్టు (బతికుండగానే ఆస్తిని చేర్చి, ఎప్పుడైనా రద్దు చేసుకోగల ట్రస్టు) రాయించి, మా తదనంతరం దాన్ని నడిపే ట్రస్టీగా ఇండియాలో ఉన్న మా తమ్ముడిని పెట్టాలని నా ఆలోచన. వీలునామా ఉంటే చాలదా, ఇల్లు ట్రస్టుకు మారిస్తే అప్పుకో ఆస్తి పన్నుకో చిక్కు రాదా అని నా భార్య సందేహం. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
నమస్కారమండీ. వీలునామా ఉన్నా, ఖరీదైన ఇల్లు మీ రాష్ట్రంలో సాధారణంగా ప్రొబేట్ (చనిపోయినవారి ఆస్తిని వారసులకు పంచే) కోర్టు గుండా వెళ్ళవలసిందే. అక్కడ లాయరు ఫీజును చట్టమే నిర్ణయించింది. అప్పును మినహాయించకుండా ఇంటి పూర్తి విలువ మీద లెక్కగడతారు. పది లక్షల డాలర్ల ఇంటికి మొదటి లక్ష మీద 4 శాతం, రెండో లక్ష మీద 3, మిగిలిన ఎనిమిది లక్షల మీద 2 శాతం చొప్పున వెరసి 23,000 డాలర్లవుతుంది, ఎగ్జిక్యూటరు (వీలునామాను అమలు చేసే వ్యక్తి) కోరుకుంటే ఆయనకూ అంతే చెల్లించాలి. ఇంటి మీద ఆరు లక్షల అప్పున్నా ఈ లెక్క మారదు. ఇల్లు ట్రస్టులో ఉంటే ఈ ప్రొబేట్ తప్పుతుంది.

మీ భార్యగారి సందేహం సబబైనదే కానీ, భయపడనక్కరలేదు. మీరే లబ్ధిదారులుగా ఆ ఇంట్లోనే ఉంటున్నంత కాలం, ట్రస్టుకు మార్చారన్న కారణంతో అప్పంతా ఒకేసారి కట్టమనడానికి 1982 నాటి గార్న్-సెయింట్ జర్మేన్ చట్టం ఒప్పుకోదు. ఆస్తి పన్ను కోసం ఇంటి విలువను కొత్తగా కట్టడమూ జరగదు.

అసలు జాగ్రత్త పడవలసింది ఇక్కడ: ట్రస్టు పత్రం మీద సంతకం చేసినంత మాత్రాన ఇల్లు అందులోకి రాదు. మీ ఇద్దరి పేర్లతో ఉన్న డీడ్ (ఇంటి హక్కు పత్రం) స్థానంలో, ‘ఫలానా ట్రస్టుకు ట్రస్టీలైన’ అంటూ మీ పేర్లు రాసిన కొత్త డీడ్‌ను కౌంటీ రికార్డరు కార్యాలయంలో నమోదు చేయించాలి. రీఫైనాన్స్ (పాత అప్పు స్థానంలో కొత్త అప్పు తీసుకునే) సమయంలో కొన్ని బ్యాంకులు ఇంటిని ట్రస్టులోంచి బయటికి తీయిస్తాయి, ఆ తరువాత తిరిగి చేర్చడం చాలామంది మరిచిపోతారు. అలా మరిచిన ఇంటికి, ట్రస్టు ఉండి కూడా ప్రొబేట్ తప్పకపోవచ్చు.

రెండవ సమాధానం:
పై వివరణతో ఏకీభవిస్తూ, తమ్ముడుగారి విషయం మాత్రం మళ్ళీ ఆలోచించమని కోరుతున్నాను. మీ తరువాత ట్రస్టు మీద ముఖ్య నిర్ణయాధికారం అమెరికా పన్ను చట్టం దృష్టిలో విదేశీయుడైన వ్యక్తి చేతికి వెళితే, అది విదేశీ ట్రస్టుగా మారి, పిల్లలకు పన్ను లెక్కలు, నివేదికల భారం పెరుగుతుంది. ఆయన మీద మీకెంత నమ్మకమున్నా ఈ నియమం మారదు కనుక, ఇక్కడే స్థిరపడిన బంధువునో మిత్రుడినో ట్రస్టీగా చూసుకోవడం మేలు. వీలునామా కూడా రాయించండి, ఎందుకంటే మైనరు పిల్లల సంరక్షకులను సాధారణంగా సూచించేది అందులోనే. 401(కె)ను మాత్రం ట్రస్టు పేరుకు మార్చకండి. దానికి నామినీ పత్రం నింపితే చాలు.

మూడవ సమాధానం:
ఈ ట్రస్టు వల్ల పన్ను ఆదా అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మీరు ఎప్పుడైనా రద్దు చేసుకోగలది కనుక ఆ ఆస్తిని పన్ను శాఖ మీదిగానే చూస్తుంది, అప్పులవాళ్ళ నుంచి కూడా రక్షణ ఉండదు. ఇండియాలో కూడా ఆస్తి ఉంటే దానికి అక్కడి లాయరు చేత వేరే వీలునామా రాయించి, ఒక వీలునామా రెండోదాన్ని రద్దు చేయకుండా మాటలు సరిచూపించుకోండి.