జీసాక్‌లో లిబ్రెఆఫీస్‌కి అప్లై చేయాలంటే ఇప్పటి నుంచి ఏం చేయాలి?

వరంగల్_థర్డ్‌ఇయర్

అందరికీ నమస్తే. సీఎస్‌ఈ థర్డ్ ఇయర్. సీప్లస్‌ప్లస్ బాగానే వచ్చు, గిట్ మాత్రం యాడ్, కమిట్, పుష్ వరకే. వచ్చే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో (జీసాక్, అంటే మెంటర్ల సాయంతో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి కోడ్ రాసే గూగుల్ కార్యక్రమం) లిబ్రెఆఫీస్‌కి, అంటే ఆ ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కి, ప్రపోజల్ పెడదామనుకుంటున్నా. ముందే ఎన్ని ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) ప్రాజెక్ట్‌లో మెర్జ్ అయి ఉండాలి? ప్రపోజల్ ఎన్ని పేజీలు? నాది 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్, దాంట్లో లిబ్రెఆఫీస్ సోర్స్ కోడ్ బిల్డ్ అవుతుందా? మా వాట్సాప్ గ్రూప్‌లో ఏఐతో రాయించిన టెంప్లేట్ ఒకటి తిరుగుతోంది, పేర్లు మార్చి పెట్టేస్తే చాలంటున్నారు. నిజమేనా?

బిల్డ్‌బాబాయ్

ముందు బిల్డ్ సంగతి చూడు తమ్ముడూ. చాలామంది ఆగిపోయేది అక్కడే.

8 జీబీలో అవుతుంది, కానీ నెమ్మదిగా. వీలైతే ఉబుంటు డ్యూయల్ బూట్ పెట్టుకో. డబ్ల్యూఎస్ఎల్‌లోనే (విండోస్ లోపలే లినక్స్ నడిపే సదుపాయం) చేస్తానంటే రెండు జాగ్రత్తలు. అది మామూలుగా నీ ర్యామ్‌లో సగమే తీసుకుంటుంది, అంటే 4 జీబీ. లిబ్రెఆఫీస్‌లో పెద్ద ఫైళ్లు కంపైల్ అయ్యేటప్పుడు అది చాలదు. కంపైలర్ ఏ ఎర్రరూ చూపించకుండా ‘కిల్డ్’ అని ఒక్క ముక్క పడేసి చచ్చిపోతుంది. కోడ్‌లో తప్పుందేమో అని రాత్రంతా వెతకొద్దు, అది మెమరీ అయిపోవడమే. డబ్ల్యూఎస్ఎల్ కాన్ఫిగ్ ఫైల్‌లో మెమరీ 6 జీబీకి పెంచి, స్వాప్ ఇంకో 8 జీబీ ఇవ్వు. రెండోది, సోర్స్‌ని సీ డ్రైవ్‌లో పెట్టకు, లినక్స్ హోమ్ ఫోల్డర్‌లోనే క్లోన్ చెయ్. డ్రైవ్ దాటి ఫైళ్లు చదవడం చాలా స్లో.

తర్వాత ఆటోజెన్ ఇన్‌పుట్ ఫైల్‌లో (బిల్డ్ సెట్టింగులు రాసే ఫైల్) ప్యారలలిజం 2 అని పెట్టు, అంటే ఒకేసారి రెండు ఫైళ్లే కంపైల్ అవుతాయి. నీ ప్రాజెక్ట్‌కి అక్కర్లేకపోతే జావా తీసెయ్. సీక్యాష్ (ఒకసారి కంపైల్ అయినది దాచిపెట్టే టూల్) తప్పకుండా ఇన్‌స్టాల్ చెయ్, కానీ దాని డీఫాల్ట్ సైజ్ 5 జీబీ ఈ ప్రాజెక్ట్‌కి ఏ మూలకీ రాదు, 30 జీబీ దాకా పెంచు. డిస్క్‌లో 60 జీబీ పైన ఖాళీ లేకుండా మొదలుపెట్టకు. మొదటి బిల్డ్ రాత్రి పెట్టి పడుకో. ఆ తర్వాత మొత్తం మళ్లీ బిల్డ్ చేయక్కర్లేదు. రైటర్ (వర్డ్ లాంటిది) కోడ్ ముట్టుకుంటే ఎస్‌డబ్ల్యూ మాడ్యూల్ ఒక్కటే బిల్డ్ చేసుకోవచ్చు. కాల్క్ (ఎక్సెల్ లాంటిది) అయితే ఎస్‌సీ, ఇంప్రెస్ (పవర్‌పాయింట్ లాంటిది) అయితే ఎస్‌డీ.

ఇంకోటి, గిట్‌హబ్‌లో కనిపించేది అద్దం కాపీ మాత్రమే. అక్కడ పుల్ రిక్వెస్ట్ పెట్టి ఎదురుచూస్తే ఎవరూ పలకరు. ప్యాచ్‌లు వెళ్లాల్సింది గెరిట్‌కి, అంటే కోడ్ రివ్యూ చేసే సైట్‌కి. రిపోలోనే లాగ్‌గెరిట్ అని స్క్రిప్ట్ ఉంది, సెటప్ అదే చేసిపెడుతుంది. రివ్యూయర్ మార్పు అడిగితే కొత్త కమిట్ చేయకూడదు. పాత కమిట్‌నే అమెండ్ చేసి (సవరించి), కింద ఉన్న ఛేంజ్ ఐడీ లైన్ కదపకుండా మళ్లీ పంపాలి. గిట్‌హబ్ అలవాటుతో కొత్త కమిట్ పెడితే అది వేరే ప్యాచ్‌గా తెరుచుకుంటుంది, రివ్యూ చేసేవాళ్లకి చిరాకు. మొదటి ప్యాచ్‌తో పాటే లైసెన్స్ స్టేట్‌మెంట్ డెవలపర్ మెయిలింగ్ లిస్ట్‌కి పంపెయ్. ఎంపీఎల్ రెండు, ఎల్‌జీపీఎల్ మూడు అనే ఓపెన్ సోర్స్ లైసెన్సుల కింద నా కోడ్ వాడుకోవచ్చు అని ఒక్క వాక్యం, అంతే.

రివ్యూ_రాణి

బిల్డ్‌బాబాయ్ గారు చెప్పినదానికి ప్రపోజల్ సంగతి కలుపుతాను.

పేజీల లెక్క ఎవరూ చూడరు. ఈ మనిషి పని పూర్తి చేయగలడా అన్న ఒక్క ప్రశ్నకి జవాబు కోసమే మెంటర్ చదువుతాడు. అందుకే ‘నేను చాలా ప్యాషనేట్, ఫాస్ట్ లర్నర్‌ని’ లాంటి వాక్యాలన్నీ కొట్టేసినా ఏం పోదు. మార్కులన్నీ టైమ్‌లైన్‌లోనే.

ఉదాహరణకి రైటర్‌లో ఒక టేబుల్ సెట్టింగ్ డాక్స్ (వర్డ్ ఫార్మాట్) ఫైల్‌గా సేవ్ చేస్తే పోతోంది, దాన్ని సరిచేయడం మీ ప్రాజెక్ట్ అనుకోండి. టెంప్లేట్ ప్రపోజల్‌లో ‘మూడో వారం: ఎక్స్‌పోర్ట్ ఫీచర్ ఇంప్లిమెంటేషన్, టెస్టింగ్’ అని ఉంటుంది. ఇది ఏ ప్రాజెక్ట్‌కైనా అతుకుతుంది, కాబట్టి దేనికీ పనికిరాదు. దాన్నే ఇలా రాయండి: మూడో వారం, ఎస్‌డబ్ల్యూలో సోర్స్, ఫిల్టర్, డబ్ల్యూడబ్ల్యూ8 ఫోల్డర్‌లో డాక్స్ యాట్రిబ్యూట్ అవుట్‌పుట్ ఫైల్‌కి ఈ సెట్టింగ్ రాసే ఫంక్షన్ చేర్చడం. ఎస్‌డబ్ల్యూ క్యూఏ ఫోల్డర్ కింద ఓఓఎక్స్‌ఎంఎల్ (డాక్స్ వాడే ఫార్మాట్) ఎక్స్‌పోర్ట్ టెస్టుల్లో ఒక రౌండ్‌ట్రిప్ టెస్ట్, అంటే ఫైల్ తెరిచి, సేవ్ చేసి, మళ్లీ తెరిచి విలువ మారలేదని చూడటం. పాత వర్డ్ ఫార్మాట్ పేరున్న ఫోల్డర్‌లో డాక్స్ రాసే కోడ్ ఉంటుందని కోడ్ తెరవకుండా ఎవరికీ తట్టదు. ఆ ఒక్క లైన్ చూస్తే చాలు, మీరు లోపలికి వెళ్లి చూశారని మెంటర్‌కి తెలిసిపోతుంది.

ఏ భాగం కష్టమో కూడా ఒప్పుకుని రాయండి. ‘ఇంపోర్ట్ వైపు పాత ఫైళ్లు విరిగే ప్రమాదం ఉంది, అందుకే ముందు టెస్టులు, తర్వాత మార్పు’ అన్నట్టు. చివరి రెండు వారాలు ఖాళీగా, రివ్యూ కోసం వదిలేయండి. మెంటర్లూ సెలవులకి వెళ్తారు, ప్యాచ్‌లు క్యూలో ఆగుతాయి.

ఆ వాట్సాప్ టెంప్లేట్ జోలికి మాత్రం పోకండి. ఒకే టెంప్లేట్ ఒకే మెంటర్‌కి పది మంది దగ్గర్నుంచి వస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఏఐ విషయంలో ప్రాజెక్ట్ ప్రాజెక్ట్‌కీ రూల్ వేరు. జెంటూ, నెట్‌బీఎస్‌డీ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులు 2024లోనే తేల్చేశాయి: ఏఐ రాసిన కోడ్ తీసుకోబోమని జెంటూ, ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా పెట్టొద్దని నెట్‌బీఎస్‌డీ. ఎక్కడ అప్లై చేస్తున్నారో అక్కడి పాలసీ పేజీ ముందు చదవండి.

పాత_ప్యాచ్

ప్యాచ్‌ల సంఖ్య గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. లిబ్రెఆఫీస్ వాళ్లు కనీసం ఒక ఈజీ హ్యాక్ (కొత్తవాళ్ల కోసం గుర్తు పెట్టిన చిన్న పని) పూర్తి చేసి ఉండాలంటారు. అది లేకపోతే ప్రపోజల్‌ని పరిశీలనకే తీసుకోరు. ఒకటి ఉంటే గేటు దాటినట్టు, అంతే. ఇరవై స్పెల్లింగ్ దిద్దుబాట్ల కంటే, మీరు ఎంచుకునే ప్రాజెక్ట్ ఉన్న మాడ్యూల్‌లోనే రెండు మూడు నిజమైన బగ్ ఫిక్సులు, ఒక్కోదానికి టెస్ట్‌తో సహా, ఎక్కువ బరువు.

బగ్‌జిల్లాలో (బగ్‌లు నమోదు చేసే సైట్) ఈజీ హ్యాక్ కీవర్డ్‌తో వెతికి, కష్టం బిగినర్, స్కిల్ సీప్లస్‌ప్లస్ అని తగ్గించుకోండి. ‘సర్, ప్లీజ్ అసైన్ మీ’ అని కామెంట్ పెట్టి వెళ్లిపోవద్దు. బగ్‌ని మీ బిల్డ్‌లో రప్పించి చూపండి, ఏ ఫంక్షన్ దగ్గర తేడా వస్తోందో రాయండి, అప్పుడు మీ పేరు మీద పెట్టుకోండి. పాత వెర్షన్‌లో బాగుండి కొత్తదాంట్లో చెడిన బగ్ అయితే బైబిసెక్ట్ నేర్చుకోండి. ముందే బిల్డ్ చేసిన వెర్షన్లున్న గిట్ రిపోలు ఉంటాయి, సగం సగం చేసుకుంటూ పోతే ఏ కమిట్‌తో చెడిందో దొరుకుతుంది. దీనికి కంపైల్ చేయనక్కర్లేదు, మీ 8 జీబీ ల్యాప్‌టాప్‌కి భేషుగ్గా సరిపోయే పని. తెలుగులో టైప్ చేసేవాళ్లకి ఒత్తులు, కర్సర్ కదలికల్లో తేడాలు వెంటనే కనిపిస్తాయి. రిపోర్ట్ చేయడం కూడా లెక్కలోకే వస్తుంది.

మెంటర్‌కి ప్రైవేట్ మెయిల్ కాకుండా ఐఆర్‌సీ (అందరికీ కనిపించే చాట్) ఛానెల్‌లో, మెయిలింగ్ లిస్ట్‌లో అడగండి. ‘హలో, డౌట్ ఉంది’ అని ఆగిపోకుండా ప్రశ్న, ఎర్రర్, మీరు ప్రయత్నించినది, మూడూ ఒకే మెసేజ్‌లో పెట్టండి. యూరప్ వాళ్లు ఎక్కువ, కాబట్టి మన మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు జవాబు తొందరగా వస్తుంది.

వరంగల్_థర్డ్‌ఇయర్

చాలా థాంక్స్ అన్నా, రాణి గారూ. ఇంకో డౌట్. మాకు సెమిస్టర్ పరీక్షలు జూన్ దాకా లాగుతాయి. ఆ సంగతి రాస్తే సెలెక్ట్ చేయరేమో అని భయం.

రివ్యూ_రాణి

రాయకపోతేనే ప్రమాదం. మిడ్‌టర్మ్ ఇవాల్యుయేషన్‌లో వెనకబడితే ఫెయిల్ చేసే అధికారం మెంటర్‌కి ఉంది. జీసాక్‌లో మీడియం సైజ్ ప్రాజెక్ట్ దాదాపు 175 గంటలు, పన్నెండు వారాలకి పంచితే వారానికి పదిహేను లోపే. లార్జ్ 350 గంటలు, అంటే వారానికి దాదాపు ముప్పై. పరీక్షల వారాల్లో ‘ఐదు గంటలు’ అని నిజం రాసి, మిగతావి జులై, ఆగస్టులకి నెట్టండి. మెంటర్ ఒప్పుకుంటే కాలం పొడిగించుకునే వీలుంది, ఎక్కువలో ఎక్కువ 22 వారాల దాకా. వేసవిలో కంపెనీ ఇంటర్న్‌షిప్ కూడా ఉంటే లార్జ్ జోలికి వెళ్లకండి.

పాత_ప్యాచ్

తేదీలు కూడా చూసుకోండి. సంస్థల జాబితా ఫిబ్రవరి చివర వస్తుంది. లిబ్రెఆఫీస్ అందులో ఉందో లేదో అప్పుడే ఖాయం, కాబట్టి రెండో ఆప్షన్ కూడా పెట్టుకోండి. ఒక్కొక్కరు మూడు ప్రపోజల్స్ దాకా పెట్టొచ్చు, అయినా రెండు దాటితే నాణ్యత పడిపోతుందని నా అభిప్రాయం. గడువు 2024లో ఏప్రిల్ 2, 2025లో ఏప్రిల్ 8, రెండుసార్లూ యూటీసీ 18 గంటలకి, అంటే మన టైంలో రాత్రి 11:30. ఆఖరి రాత్రి పోర్టల్ మొరాయిస్తే పొడిగింపు అడిగే చోటు లేదు. వారం ముందే డ్రాఫ్ట్ మెంటర్‌కి చూపించి, పీడీఎఫ్ అప్‌లోడ్ చేసేయండి. గడువు దాకా ఎన్నిసార్లైనా దాని స్థానంలో కొత్తది పెట్టుకోవచ్చు.